టార్పాలిన్ కింది ట్యాంకు

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు వరండాలో కూర్చుని గోళ్లకున్న పాత రంగు తుడుచుకుంటోంది. దూదికి అద్దిన ఆ మందు వాసన వంటింట్లో ఉన్న నాదాకా వచ్చింది. ఘాటుగా, కొంచెం మగ్గిన అరటిపండులా ఉండే వాసన. తరుగుతున్న బెండకాయలు పక్కన పెట్టి ఒక నిమిషం అలాగే కూర్చున్నాను. ఆ వాసనకు నాకు గోళ్లు గుర్తురావు. బెంగాల్‌లోని సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లో కిటికీ దగ్గర బల్ల, దాని మీద పరిచిన పాత పేపరు, పేపరు మీద జానెడు పొడవున్న యుద్ధ ట్యాంకు, దాని చక్రాల మీదకు వంగిన ఒక బట్టతల గుర్తొస్తాయి. ప్లాస్టిక్ ముక్కలను అతికించే జిగురుది కూడా దాదాపు అదే వాసన.

ఆ బట్టతల తవిటయ్య బాబాయిది. సొంత బాబాయి కాదు. మా నాన్న లిలువా వర్క్‌షాపులో ఫిట్టరు, తవిటయ్య బాబాయి సంత్రాగాఛి యార్డులో టీఎక్సార్. అంటే గూడ్సు బండి బయల్దేరే ముందు పెట్టె పెట్టెకీ వంగి, చక్రాలూ స్ప్రింగులూ బ్రేకులూ చూసి, చిన్న సుత్తితో తట్టి, ఇది పోవచ్చు అని సంతకం పెట్టే మనిషి. ఇద్దరూ శ్రీకాకుళం వైపు పక్క పక్క ఊళ్లవాళ్లు. నేను పుట్టక ముందు నుంచీ రాకపోకలు ఉండేవి. నేను ఉద్యోగంలో చేరాక అవి తగ్గాయి.

తొంభైల మధ్యలో నేనొక ఇంగ్లీషు దినపత్రిక ఆదివారం పేజీలకు రాసేదాన్ని. ఒక చలికాలం సంత్రాగాఛి చెరువుకు వచ్చే వలస పక్షుల మీద రాయమని పంపారు. పొద్దున్నే వెళితే పొగమంచులో నాకు పక్షులు కనిపించలేదు, చెరువంతా పరుచుకున్న గుర్రపుడెక్క మాత్రం కనిపించింది. చేతులు కొంకర్లు పోతుంటే టీ కోసం బాబాయి క్వార్టరు తలుపు తట్టాను. ఆయన భార్య ఆదెమ్మ పిన్ని నన్ను చూసి మురిసిపోయి, వెంటనే ఫిర్యాదు మొదలుపెట్టింది.

"ఆరు రోజులు డూటీలో బళ్లే సూస్తాడు. ఏడో రోజు ఇంట్లో కూకోని బళ్లే సేస్తాడు. మరి మనుషుల్ని సూసేదెప్పుడో నువ్వడుగు పాపా. పేపరోళ్లడిగితే సెప్తాడేమో."

గోడ అరలో ఏడు ట్యాంకులున్నాయి. అసలు బండిలో ముప్పై అయిదో వంతు ఉండేలా విదేశీ కంపెనీలు తయారుచేసే ప్లాస్టిక్ కిట్లు అవి. పెట్టెలో ముక్కలన్నీ చట్రాలకు అంటుకుని వస్తాయి, కత్తిరించి అతికించుకోవాలి, రంగు వేసుకోవాలి. ఖిదిర్‌పూర్ రేవులో దిగే ఓడల వాళ్లు తెచ్చినవి అక్కడి బజారులో దొరికేవి. బాబాయి ట్యాంకుల చక్రాలు చూసి నేను నోరు తెరిచాను. ఇరుసు చుట్టూ కారిన గ్రీజు, గొలుసు పట్టాలో ఇరుక్కున్న మట్టి, రబ్బరు అంచు పగిలిన చోటు, అన్నీ ఉన్నాయి. చక్రాల పైన మాత్రం ఏమీ లేదు. ఏడింటి మీదా పల్చటి కాగితాన్ని జిగురులో ముంచి, ఆకుపచ్చ రంగు వేసి చేసిన టార్పాలిన్ కప్పి ఉంది.

"దుమ్ము పడకుండా కప్పావా బాబాయ్?"

"కప్పడమేటి? అదలాగే ఉంటాది."

"మరి దాని కింద ఏముంది?"

"ఏటుందో నాకేటి తెలుసు? మిలటరీ బండి యార్డులోకొచ్చిందంటే టార్పాలిన్ కప్పుకునే వస్తాది. నాను సక్రాలకాడ వంగుంటాను. నాకు కనపడింది అదే. సూడనిది ఎలాగ సేస్తాను?"

"పెట్టె మీద బొమ్మ ఉంటుంది కదా, దాన్ని చూసి చెయ్యొచ్చు."

"ఆ బొమ్మేసినోడు సూసి ఏసాడో లేదో నీకు తెలుసేటి?"

నేను నవ్వేశాను. ఆ వారం పక్షులను వదిలేసి ఆయన గురించి రాశాను. యార్డులో చూసిన ట్యాంకులను కళ్లలో దాచుకుని ఇంటికి తెచ్చే రైల్వే కార్మికుడు. ఒక్క బోల్టు కూడా తేడా రాదు అని రాశాను. టార్పాలిన్ సంగతి రాస్తే కథ పలచబడుతుందనిపించి వదిలేశాను. యూనియన్ ఆఫీసులో ఎవరో దాన్ని చదివి ఆయనకు అర్థం చెప్పారట. తర్వాతి ఆదివారం మెచ్చుకుంటాడనుకుని వెళితే, బాబాయి టీ కూడా తాగనివ్వలేదు.

"ఒక్క బోల్టు తేడా లేదని ఎవులు సెప్పారు పాపా నీకు?"

"ఎవరూ చెప్పలేదు. అలా రాస్తారు బాబాయ్."

"అలా రాస్తారా! అయితే రేప్పొద్దున్న నానూ బండికాడికి ఎల్లకుండా, అలా రాస్తారులే అని సంతకం పెట్టేయొచ్చన్నమాట."

ఆయన గొంతు పెంచలేదు. వందల బళ్లకు సంతకం పెట్టిన మనిషి, తన సంతకం లేని చోట తన పేరుతో ఒక మాట అచ్చయినందుకు బాధపడ్డాడు. ఆ బాధ నాకప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. ఇంత చిన్నదానికా అనుకున్నాను.

దాన్ని చిన్నది కాకుండా చేసినవాడు ఆ నెలలోనే వచ్చాడు. చెరువుకు అవతలి వైపు పేటలో ఉండే రిటైర్డు హవల్దారు మండల్ బాబు. కోడలి భుజం మీద చెయ్యి వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పన్నెండేళ్లు టి-72 ట్యాంకు నడిపిన మనిషి. కళ్లు యుద్ధంలో పోలేదు, ఇంటికొచ్చాక నీటికాసులొచ్చి పోయాయి. బెంగాలీలో ఫౌజు హిందీ కలిపి మాట్లాడేవాడు. నేనిక్కడ తెలుగులో పెడుతున్నాను.

"దాదా, నా కోడలు పేపరు చదివి వినిపించింది. మీ బండికి ఒక్క బోల్టు కూడా తేడా ఉండదట. నేను నా బండిని ఇంక చూడలేను. ఇంట్లోవాళ్లకు అదెలా ఉండేదో ఎంత చెప్పినా ఏనుగులా ఉండేదా అంటారు. నాకే ఈమధ్య కొన్ని మరుపొస్తున్నాయి. పూర్తిగా మరిచిపోయేలోగా ఒక్కసారి చేత్తో చూసుకుంటాను. చేసిపెడతారా?"

బాబాయి నావైపు చూశాడు. ఆ చూపే చాలు. పైభాగం తనకు తెలియదని ఆయనతో చెప్పాడు కూడా. హవల్దారు నవ్వి, "పైభాగం నాకు తెలుసు కదా దాదా" అన్నాడు.

అలా బాబాయీ నేనూ నది మీది కొత్త వంతెన మీదుగా బస్సులో ఖిదిర్‌పూర్ వెళ్లాం. సెంట్లూ, గడ్డం గీసుకునే మిషన్లూ, గొడుగులూ వేలాడే ఇరుకు కొట్టు నసీమ్ భాయ్‌ది. కిట్లు పైఅరలో ఉండేవి.

"వచ్చారా తవిటా దాదా! ఇంక నా బేరాలు ఆగినట్టే. పెళ్లికూతుర్ని చూడ్డానికొచ్చినవాళ్లు కూడా ఇన్ని ప్రశ్నలడగరు."

"పెళ్లికూతురైతే నోరిప్పి సెప్తాది భాయ్. ఇది సెప్పదు కదా."

టి-72 కిట్లు రెండున్నాయి. ఒకదాని మూత మీద మంటలూ పొగా చిమ్ముతూ దూసుకొచ్చే బొమ్మ. బాబాయి రెండు మూతలూ బోర్లా పెట్టేశాడు. చక్రాల చట్రాలు బయటికి తీసి వెలుతురులోకి పట్టాడు. వైపుకి ఆరు. ఒక కిట్టులో చక్రం మధ్య బోల్టులు మొటిమల్లా ఉన్నాయి. రెండో దానిలో గోటికి విడివిడిగా తగులుతున్నాయి. "ఇదే" అన్నాడు. గొలుసు పట్టా రెండింట్లోనూ రబ్బరు బెల్టే. అసలు ట్యాంకు పట్టా ఇనప ముక్కలను మేకులతో కలిపిన గొలుసు కాబట్టి, తన బరువుకు తనే అక్కడక్కడా కిందికి జారుతుంది. రబ్బరుది జారదు, బిగించిన బెల్టులా నిలబడుతుంది. అలాంటి లోటు తీర్చడానికి వేరే కంపెనీలు విడిభాగాలు అమ్ముతాయి. లోహపు పట్టా ముక్కలు, పల్చటి ఇత్తడి జాలీలు, మెరుగైన టరెట్లు, అంటే ఫిరంగి ఉండే పైగోపురాలు. వీటి విషయంలో బాబాయికి ఒక పద్ధతి ఉండేది. "ముందు పెట్టెలో ఉన్నదాంతో సెయ్యి. సేసాక ఏటి తక్కువైందో తెలుస్తాది. అప్పుడు కొను." నసీమ్ భాయ్‌కి ఆ పద్ధతి మీద చాలా కోపం.

ఆ రోజు మాత్రం బాబాయి అన్నీ తీసుకున్నాడు. పట్టా ముక్కలు, ఇత్తడి రేకు, పైన ఇటుకల్లాంటి కవచం పేర్చిన టరెట్, అన్నీ. వద్దన్నవి తిరిగిస్తానన్నాడు. నేను ఆశ్చర్యపోతే, "ఈపాలి సేసేది నా కంటికి కాదు, ఆయన ఏలికి. ఏది ఉండాలో ఆయనే సెప్పాల" అన్నాడు.

తర్వాతి ఆదివారం పొద్దున్న హవల్దారు మా ఎదుట బల్ల దగ్గర కూర్చున్నాడు. బాబాయి ముక్కలు కత్తిరించి పిన్ని చేటలో పరిచాడు. "నా బియ్యం సేట మిలటరీలో సేరిపోనాది" అని పిన్ని వాపోయింది. మండల్ బాబు వేళ్లు లావుగా ఉండేవి, ఒక గోరు నల్లగా చితికిపోయి ఉండేది. ఆ వేళ్లు ఇంత చిన్న ముక్కలను ఎలా పట్టుకుంటాయా అనుకున్నాను. కానీ ఆయన ఒక్కో ముక్కనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తిప్పి, కాసేపు తల వంచుకుని, తీర్పు చెప్పినట్టు చెప్పేవాడు. ఇటుకల టరెట్ తడిమి పక్కకు నెట్టేశాడు. "ఇది నా బండి కాదు. ఈ ఇటుకలు తర్వాత వచ్చాయి. మాది గుండ్రంగా, నున్నగా, బోర్లించిన మూకుడులా ఉండేది." కొట్లో నసీమ్ భాయ్ పొగిడి పొగిడి అంటగట్టిన ముక్క అలా పోయింది. ఇత్తడి జాలీ వేలికి గుచ్చుకుంది, చిన్న రక్తపు చుక్క వచ్చింది. "ఇది చూడ్డానికి బాగుంటుందేమో దాదా, పట్టుకోడానికి కాదు." దాని బదులు పిన్ని పాత టీ వడపోత జాలీ ఇంజను పైకి ఎక్కింది. ముందు దీపాల చుట్టూ కడ్డీలు కావాలన్నాడు. చివరగా డ్రైవరు కూర్చునే చోటి మూత చేతిలో పెట్టుకుని దాని అంచంతా వేలితో తడిమాడు.

"ఇది తెరిచి పెట్టండి. మూసుకుని నడపడం నాకెప్పుడూ నచ్చలేదు."

నేను పక్కన కూర్చుని ఏది ఉంచాలన్నాడో, ఏది వద్దన్నాడో రాసుకున్నాను. ఎంత పద్ధతిగా జరిగిందో అని నాకు గర్వంగా కూడా ఉండింది. చేటలో ఉన్నవాటి గురించే ఆయన చెప్పగలడనీ, చేటలో పెట్టనివి ఏమున్నాయో మేమెవ్వరం అడగలేదనీ నాకు తట్టలేదు.

పని నాలుగు నెలలు సాగింది. ఒక్కో వైపు వందకు దగ్గరగా పట్టా ముక్కలు, ఒక్కోదానికీ సన్నటి తీగ మేకు. రంగు వేస్తుంటే పిన్ని అడిగింది, ఆయనకెలాగూ కనపడదు కదా ఇంత తంటా ఎందుకని. "ఆ ఇంట్లో మిగతావోళ్లకి కళ్లున్నాయి" అన్నాడు బాబాయి. ఎండాకాలం మొదట్లో ట్యాంకు పూర్తయింది. టార్పాలిన్ లేని మొదటి బండి. దాన్ని చూసినప్పుడు నాకేదో తేడాగా అనిపించింది. ఆఫీసులో ట్యాంకుల ఫొటోలు చూస్తూనే ఉండేదాన్ని. ఇందులో ఫిరంగి గొట్టం వెనక్కి తిరిగి ఉంది. కానీ బాబాయికి తెలియదా అనుకుని ఊరుకున్నాను.

హవల్దారు ఇంట్లో మంచం మీద దుప్పటి మడిచి, దాని మీద ట్యాంకు పెట్టారు. ఆయన ముందు నుంచి మొదలుపెట్టాడు. దీపాల కడ్డీలు. వాలుగా ఉండే ముందు రేకు. తెరిచిన మూత. ఆ కంతలోకి చూపుడువేలి కొస పెట్టి, "నేనిక్కడ" అన్నాడు కోడలితో. ఆవిడ దగ్గరకు వచ్చి వంగి చూసింది. తర్వాత ఆయన చెయ్యి పైకి లేచింది, గొట్టం కోసం. గాలే తగిలింది. మళ్లీ వెతికింది. పక్కలకు దిగి చక్రాలు తడిమి, "నా తెరలేవి?" అన్నాడు. ఆ చెయ్యి ట్యాంకు వెనక్కి వెళ్లి గొట్టాన్ని పట్టుకుంది.

"దాదా, నా బండిని రైలెక్కించారా?"

బాబాయి ముఖం పాలిపోయింది. ఆయన చూసిన ప్రతి ట్యాంకూ గూడ్సు బండి మీద, టార్పాలిన్ కింద కూడా తెలిసేలా గొట్టం వెనక్కి తిప్పి కట్టేసినదే. నడిచే ట్యాంకుకు గొట్టం ముందుకు ఉంటుందని ఎవరైనా అడిగితే చెప్పేవాడే, కానీ చేతులు ఎవరినీ అడక్కుండా అలవాటుగా చేసేశాయి. పైగా టరెట్‌ను జిగురుతో బిగించేశాడు. కిట్టులో అది తిరిగేలా ఉంటుంది. కానీ సరుకులో ఏ భాగమైనా కదులుతుంటే బండి వదలకూడదన్నది ఆయన ఉద్యోగం. ఇక తెరలు, అంటే చక్రాల పైన వేలాడే రబ్బరు పలకలు, రైలెక్కించేటప్పుడు వెడల్పు తగ్గడానికి విప్పేసేవాళ్లమని హవల్దారు చెప్పాడు.

"అవేటి, అవి బండివా?" అన్నాడు బాబాయి. "పెట్టెలో ఎక్కువేసేసారనుకున్నాను. కొన్న ప్రతిసారీ ఎక్కువేసారు, ఎంత మంచోళ్లో అనుకున్నాను."

హవల్దారు పగలబడి నవ్వాడు. కోడలు నవ్వింది. బాబాయి నవ్వలేదు.

"ఉండనివ్వండి దాదా. నిజం చెప్పనా, గొట్టం వెనక్కి ఉంటేనే నాకు హాయి. నెత్తి మీద ఏమీ ఉండదు, తల బయటపెట్టి నడపొచ్చు. అలాంటి రోజులు కూడా ఉన్నాయి."

"ఎన్ని రోజులు?"

"ఏడాదికి రెండు మూడు."

"మిగతా రోజులేటి సేద్దాం మరి?" అని బాబాయి ట్యాంకును దుప్పటితో సహా ఎత్తుకున్నాడు. "నాను సూసిన బళ్లు నా ఇంట్లో ఏడున్నాయి మండల్ బాబూ. ఇది నీది."

ఆ మధ్యాహ్నమే హాక్సా బ్లేడు ముక్కను సానరాయి మీద పల్చగా అరగదీసి, టరెట్ కింద సందులోకి జొనిపాడు. నేను బండిని రెండు చేతులా పట్టుకున్నాను. బ్లేడు కాస్త జారితే ఆ డ్రైవరు మూత పోతుంది. నాలుగు నెలల పని పోవడం సంగతి అటుంచి, హవల్దారు వేలు పెట్టి నేనిక్కడ అన్న చోటు పోతుంది. బాబాయి ఒక్కో లాగుకీ ఆగి, ఊది, పొడి తుడిచి, మళ్లీ లాగాడు. ఊడి వచ్చేసరికి నా భుజాలు పట్టేశాయి. గొట్టం ముందుకు తిరిగింది. ఈసారి జిగురు లేదు, మధ్యలో ఒక మేకు. వేలితో తోస్తే టరెట్ తిరుగుతుంది. "సరుకు కదలకూడదు. ట్యాంకు కదలాల" అన్నాడు తనలో తను. తెరలు మిగిలిపోయిన ముక్కల డబ్బాలో దొరికాయి. రంపం గీసిన చోట చుట్టూ సన్నటి గాటు మిగిలింది. పిన్ని లప్పం పెట్టి నున్నగా చెయ్యమంది. వద్దన్నాడు.

తర్వాత ట్యాంకును బోర్లా తిప్పి, సన్న కుంచెతో అడుగున తెలుగులో మూడు వరుసలు రాశాడు. చక్రాలు నేను చూసినవి. పైభాగం హవల్దారు మండల్ చెప్పినది. గొట్టం తప్పు పెట్టాను, దిద్దాను. కింద సంతకం, బండి వదిలేటప్పుడు పెట్టే పెద్ద సంతకం.

"ఇదెవరు చదువుతారు బాబాయ్? ఆయనకు కళ్లు లేవు. ఆ ఇంట్లో ఎవరికీ తెలుగు రాదు."

"సదవకపోతే అబద్ధమైపోద్దేటి?"

మర్నాడు నేను ఆఫీసులో ఆదివారం పేజీల ఎడిటరు దగ్గర నిలబడి, నా పాత వ్యాసానికి సవరణ వెయ్యమని అడిగాను. ఎవరు ఫిర్యాదు చేశారన్నాడు. ఎవరూ చెయ్యలేదన్నాను. మరెందుకన్నాడు. ఆ ట్యాంకుల పైభాగం నేను చూడలేదు, చేసినాయన కూడా చూడలేదు అన్నాను. ఆయన పేజీ అడుగున రెండు వాక్యాల జాగా ఇచ్చాడు. నేను రాసినవాటిలో అంత నెమ్మదిగా రాసినవి ఇంకేవీ లేవు.

హవల్దారు ఆ ట్యాంకును ఆరేళ్లు మంచం పక్కనే పెట్టుకున్నాడని అతని కోడలు చెప్పింది. టరెట్ తిప్పి తిప్పి మేకు అరిగిపోతే, బాబాయి వెళ్లి మార్చి వచ్చాడట. ఇది నేను చూడలేదు. బాబాయి రిటైరై ఊరికి వెళ్లాక చనిపోయాడు. అది కూడా ఫోనులో విన్నదే.

నాలుగు పేపర్లు మారాను, టైపు మిషను నుంచి కంప్యూటరుకు వచ్చాను, ఇప్పుడు ఉద్యోగం కూడా లేదు. అయినా ఏదైనా రాయడానికి బయల్దేరితే నోటు పుస్తకంలో పేజీ మధ్య నిలువుగా ఒక గీత గీస్తాను. ఎడమ పక్క నేను చూసింది, కుడి పక్క ఎవరో చెప్పింది, ఎవరు చెప్పారో పేరుతో. అడుగున రెండు వేళ్ల జాగా వదులుతాను, తప్పు రాసి దిద్దుకున్నదాని కోసం. అటకెక్కించిన ఆ పుస్తకాలు అప్పుడప్పుడు దింపి తిరగేస్తుంటాను. అడుగు జాగా ఖాళీగా మిగిలిన పేజీలు తక్కువే.